కెంపుల ఊరికి ఒక కెంపు ఉంగరం

మా ఇంట్లో ఒక ఉంగరం ఉంది. సన్నని బంగారపు కట్టు. మధ్య చింతగింజలో సగం ఉండే ఎర్రరాయి. మా మామ్మ బ్రతికి ఉన్నన్నాళ్ళూ అది ఆమె ఎడమచేతి వేలిని వదలలేదు. గాజులు పోయాయి, నల్లపూసలు పోయాయి, ఆ రోజుల్లో భర్త పోయిన స్త్రీకి పోయేవన్నీ పోయాయి. ఉంగరం మాత్రం తియ్యనని కూర్చుంది. ఎవరేమన్నా వినలేదు. పెళ్ళిళ్ళలో ఎక్కడో వెనక కూర్చున్నా ఆ చెయ్యి మాత్రం కాస్త ముందుకు వచ్చేది. "మోగోక్ రాయి, అమ్మా! రంగూన్‌లో మా ఆయన కొన్నారు" అనేది.

మా తాతయ్య భీమిలి రేవులో పడవెక్కి రంగూన్ వెళ్ళిన వేలాది తెలుగువాళ్ళలో ఒకడు. అక్కడ ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా. 1936లో, అంటే మా అత్తయ్య పుట్టడానికి ముందటి సంవత్సరం, ఇంటికి వచ్చిన ఒక రాళ్ళ వర్తకుడి దగ్గర మూడు నెలల జీతం పోసి ఈ రాయి కొన్నాడట. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942లో లక్షలాది మన వాళ్ళు నడిచి స్వదేశానికి బయలుదేరినప్పుడు మా వాళ్ళూ బయలుదేరారు. ప్రోమ్ నుంచి కొండలు దాటి తాంగుప్ రేవుకు దారి. ఆ దారిలో కలరా. తాతయ్య తాంగుప్‌లోనే పోయాడు. మామ్మ ఉంగరాన్ని రవికె అంచులో కుట్టుకుని, పన్నెండేళ్ళ మా నాన్ననూ, అయిదేళ్ళ అత్తయ్యనూ వెంటబెట్టుకుని పడవ మీద అక్యాబుకు, అక్కడ నుంచి చిట్టగాంగుకు, కలకత్తాకు, చివరకు వాల్తేరు స్టేషనుకు చేరింది.

1957లో అత్తయ్య పెళ్ళి కుదిరింది. కట్నానికి డబ్బు చాలలేదు. ఉంగరం మద్రాసు తీసుకువెళ్ళి అమ్ముదామన్నారు నాన్న. మామ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆఖరికి భీమిలి దగ్గర ఉన్న ఎకరం పొలం అమ్మారు గాని, ఉంగరం వేలు దిగలేదు. ఈనాడు ఆ ఎకరం ధర తలుచుకోకపోవడమే ఆరోగ్యానికి మంచిది!

మంచి కెంపును ఆవుపాలలో వేస్తే పాలన్నీ ఎర్రబడతాయని మామ్మ చెప్పేది. ఎనిమిదేళ్ళ వయసులో, ఆమె స్నానానికి వెళ్ళి ఉంగరం గూట్లో పెట్టినప్పుడు, నేను ఆ పరీక్ష చేశాను. పాలు తెల్లగానే ఉన్నాయి. వీపు మాత్రం ఎర్రబడింది.

మామ్మ 1979లో పోయింది. ఉంగరం అత్తయ్యకు వచ్చింది. 2014లో నేను బర్మా వెళ్తున్నానని తెలిసి ఆమె దాన్ని నా వేలికి తొడిగింది. "మోగోక్ దాకా వెళ్తావు గదా నాన్నా, దాని పుట్టిల్లు దానికి ఒకసారి చూపించు" అన్నది. నా చిటికెన వేలికే పట్టింది.

మోగోక్‌కు విదేశీయులు ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళడానికి వీలులేదు. దశాబ్దాలపాటు అసలు రానివ్వలేదు. నేను వెళ్ళిన రోజుల్లో కొంచెం సడలించి, అనుమతి పత్రమూ, వెంట ఒక మనిషీ ఉంటే పోనిచ్చేవారు. నా వెంట వచ్చినవాడు మోగోక్‌లోనే పుట్టిన గూర్ఖా. తాతల నాడు నేపాలు నుంచి వచ్చిన కుటుంబం. హిందీ చక్కగా మాట్లాడతాడు. కారు ఎక్కగానే నా వేలు చూసి, "బాబూజీ, అది జేబులో పెట్టుకోండి. మోగోక్‌లోకి కెంపు తెచ్చినవాణ్ణి ఎవరూ నమ్మరు. మోగోక్ నుంచి తీసుకుపోతున్నావంటారు" అన్నాడు. మాటలో న్యాయం ఉంది. జేబులో పెట్టుకున్నాను.

మాండలే నుంచి సుమారు 125 మైళ్ళు. మొదటి సగం మైదానం, రెండో సగం మలుపులు. టేకు చెట్లు వెనకబడిన కొద్దీ చలి పెరుగుతుంది. క్యాత్పిన్ అనే చిన్న ఊరు దాటాక రోడ్డు ఒక కనుమ ఎక్కి దిగుతుంది. అప్పుడు కింద మోగోక్ కనిపిస్తుంది: చుట్టూ కొండలు, కొండకొనలకు బంగారు రంగు పగోడాలు, పల్లంలో పొగమంచు, ఆ మంచు మధ్య ఒక చెరువు. ఊరు సముద్రమట్టానికి సుమారు 3,800 అడుగుల ఎత్తున ఉంది. మన అరకులోయ మరికొంత ఎత్తు పెంచి, జనంతో నింపినట్టు ఉంటుంది. బర్మీయులు, షాన్‌లు, లీసూలు, పలాంగులు, చీనావాళ్ళు, గూర్ఖాలు. ఒక్క వీధిలో ఇన్ని ముఖాలు నేను ఎక్కడా చూడలేదు. అందరికీ కావలసింది ఒక్కటే, ఆ నేల కింద ఉన్న ఎర్రరాయి. బర్మీయులు కెంపును 'పదమ్యా' అంటారు. ఆ మాట వినగానే మన 'పద్మరాగం' చెవిలో మోగుతుంది.

ఇంతకూ కెంపు అంటే ఏమిటి? శాస్త్రం ప్రకారం అది అల్యూమినియమూ, ఆక్సిజనూ కలిసిన రాయి. శుద్ధంగా ఉంటే దానికి రంగే లేదు. ఆ అల్యూమినియంలో నూటికి ఒక పాలు, అంతకంటె తక్కువ కూడా, తొలగి ఆ చోట క్రోమియం చేరితే ఎరుపు వస్తుంది. అదే రాతిలో ఇనుమూ, టైటానియమూ చేరితే నీలమవుతుంది. కెంపూ నీలమూ ఒక తల్లి బిడ్డలన్నమాట; మన జ్యోతిష్కులు ఒకదాన్ని సూర్యుడికీ, ఇంకొకదాన్ని శనికీ ఇచ్చారు. ఆ సూర్యుడికీ శనికీ తండ్రీకొడుకుల వరస! ఈ జాతి రాతిని పాశ్చాత్యులు కొరండం అంటారు. ఆ పేరు మన దక్షిణాది కురువిందం నుంచి పోయినదే. మన దేశంలో సాన పట్టడానికి తరతరాలుగా వాడిన గట్టిరాయి ఇది. వజ్రం గట్టితనం పది అయితే దీనిది తొమ్మిది.

అల్యూమినియం భూమిలో ఎక్కడ చూసినా ఉంది. క్రోమియమూ తక్కువేమీ కాదు. కాని ఆ రెండూ ఒకచోట ఉండటం అరుదు. ఉన్నా, అక్కడ ఇసుకలోని సిలికా అడ్డుపడితే వేరే రాళ్ళు పుడతాయి గాని కెంపు పుట్టదు. మోగోక్‌లో ఈ చిక్కు ఎట్లా విడిందో తెలిస్తే మనకు కాస్త గర్వం కూడా కలుగుతుంది. కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపురాయి పేరుకున్నది. మన భారతభూమి దక్షిణం నుంచి జరిగి జరిగి వచ్చి ఆసియా ఖండాన్ని గుద్దుకున్నది. హిమాలయాలు లేచినది అప్పుడే. ఆ ఒత్తిడికీ వేడికీ సున్నపురాయి పాలరాయిగా మారింది. అందులో అక్కడక్కడ చిక్కుకున్న బంకమట్టి కెంపులుగా మారింది. పాలరాతిలో ఇనుము దాదాపు ఉండదు. అందుకనే మోగోక్ కెంపు నల్లబడదు. ఎండలో పెడితే దానిలోని క్రోమియం మనకు కనబడని కిరణాలను కూడా మింగి ఎర్రని వెలుగుగా కక్కుతుంది. రాయి మీద వెలుగు పడినట్టు ఉండదు, లోపల నిప్పుకణిక ఉన్నట్టు ఉంటుంది. ఆ మేలైన రంగును అక్కడివాళ్ళు 'పావురం నెత్తురు' అంటారు. మన వరాహమిహిరుడు బృహత్సంహితలో పద్మరాగాలకు ఒక అధ్యాయమే కేటాయించాడంటే, ఈ రంగు తగాదా ఈనాటిది కాదు.

మోగోక్‌లో చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. లోకంలోకెల్లా పెద్ద గద్ద ఒకటి లోయ మీద ఎగురుతూ, కొండ మీద ఎర్రని మాంసపు ముక్క చూసి వాలిందట. గోళ్ళు దిగలేదు. ముక్కు దిగలేదు. అది మాంసం కాదు, భూమి నెత్తురు అని తెలుసుకుని కొండకొనకు తీసుకుపోయి ఉంచిందట. అదే మొదటి కెంపు. బర్మా సిపాయిలు కెంపును ఒంటి కండలో గుచ్చి పెట్టుకునేవారనీ, అప్పుడు కత్తి దిగదనీ నమ్మేవారట.

రాజులకూ ఈ నమ్మకాలు లేకపోలేదు గాని, వాళ్ళకు లెక్కలు ఎక్కువ. 1597లో బర్మా రాజు షాన్ దొర దగ్గరనుంచి మోగోక్ లోయను తీసుకుని, బదులు వేరే ఊరు ఇచ్చాడు. ఇంత చవక బేరం చరిత్రలో తక్కువ. అప్పటి నుంచి ఒక పరిమితికి మించిన రాయి ఎవరికి దొరికినా అది రాజుదే. ఆ చట్టానికి బలి అయినవాడు ఙమౌక్. వాడికి మహా పెద్ద కెంపు దొరికిందట. రెండు ముక్కలు చేసి ఒకటి రాజుకు ఇచ్చి, ఒకటి రహస్యంగా పరాయి దేశం వర్తకుడికి అమ్మాడట. ఆ ముక్క తిరిగి తిరిగి రాజు దగ్గరకే వచ్చింది. రెండూ పక్కన పెడితే అతుక్కుపోయాయి. ఙమౌక్‌నూ వాడి కుటుంబాన్నీ సజీవంగా దహనం చేయించాడు రాజు. కట్టెలకు వెళ్ళిన భార్య ఒక్కతే మిగిలి, కొండ మీద నుంచి ఆ మంటలు చూస్తూ గుండె పగిలి చచ్చిపోయిందట. ఆ కొండను గూర్ఖా నాకు చూపించాడు. ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

ఙమౌక్ పేరు పెట్టిన ఆ కెంపు బర్మా చివరి రాజు థీబా దాకా వచ్చింది. 1885లో ఇంగ్లీషువాళ్ళు మాండలే పట్టుకున్న గందరగోళంలో మాయమైంది. భద్రంగా ఉంచమని కల్నల్ స్లాడెన్ అనే అధికారి చేతికి ఇచ్చానని థీబా చెప్పుకున్నాడు. అది మళ్ళీ కంటబడలేదు. థీబాను మొదట మద్రాసుకు, అక్కడ నుంచి పడమటి తీరాన రత్నగిరికి పంపారు. కెంపుల కొండలు పోగొట్టుకున్న రాజుకు చెర పెట్టిన ఊరి పేరు రత్నగిరి! అక్కడే 1916లో కన్నుమూశాడు.

తరువాత లండన్‌లో 1889లో బర్మా రూబీ మైన్స్ కంపెనీ లేచింది. వాటాలు అమ్మిన రోజు జనం ఎంత విరగబడ్డారంటే, రాత్‌షీల్డ్ ప్రభువు తన కచేరీలోకి తానే నిచ్చెన వేసుకుని కిటికీ గుండా పోవలసి వచ్చిందంటారు. కంపెనీ యంత్రాలు దించింది, జలవిద్యుత్తు పెట్టింది, నీరు పోవడానికి సొరంగం తవ్వింది. కెంపులుండే కంకర మట్టిని అక్కడ 'బ్యోన్' అంటారు. మంచి బ్యోన్ ఊరి కిందనే ఉందని తెలిసి ఊరినే పక్కకు జరిపారు. అయినా ఏనాడూ నిలకడగా లాభం రాలేదు. వానలు గోతులు నింపేవి. దొంగతనాలు సరేసరి, గోళీ అంత రాయిని నాలుక కింద పెట్టుకునేవాణ్ణి ఎవరు పట్టగలరు? 1925లో కంపెనీ దివాలా దారి పట్టింది, 1931లో గనులు వదిలేసింది. తవ్విన గొయ్యి నీటితో నిండిపోయింది. మంచులో నేను చూసిన అందమైన చెరువు అదే. ఇప్పుడు దాని గట్టు మీద టీ దుకాణాలు.

కంపెనీని ముంచినవాడు ఇంకొకడు ఉన్నాడు. ఫ్రాన్సులో ఒగస్ట్ వెర్నాయ్ అనే రసాయనవేత్త 1902లో ఒక పద్ధతి ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో చిటికెడు క్రోమియం ఆక్సైడ్ కలిపి, రెండు వేల డిగ్రీలు దాటిన మంటలో నుంచి జల్లెడ పట్టినట్టు రాల్చడం. కింద ఒక కడ్డీ మీద చుక్క చుక్కగా పేరుకుని కొన్ని గంటల్లో కెంపు పెరుగుతుంది. గాజు కాదు సుమండీ, రంగు పులిమినదీ కాదు. పదార్థం అదే, గట్టితనం అదే, బరువు అదే. పాత చేతిగడియారాల మీద '17 జ్యూయెల్స్' అని రాసి ఉండేది గుర్తుందా? అవి ఈ కెంపులే. 1960లో లోకంలో మొదటి లేజరు వెలిగినది కూడా ఇటువంటి కెంపులో నుంచే. భూమి కోట్ల సంవత్సరాలలో చేసే పని పూట తిరిగేలోగా అయ్యేసరికి, ఆ రాళ్ళు ఓడలెక్కి కెంపుల దేశానికే వచ్చాయి.

మర్నాడు గూర్ఖా నన్ను పళ్ళేల అంగడికి తీసుకువెళ్ళాడు. బల్లల మీద ఇత్తడి పళ్ళేలు, ఒక్కొక్క పళ్ళెం మీద గొడుగు, పళ్ళెంలో మినపగింజలంత, కందిగింజలంత రాళ్ళు. చెంపలకు గంధంలాంటి తనఖా పూసుకున్న ఆడవాళ్ళే ఎక్కువమంది. కొనేవాడు రాయిని పటకారుతో పట్టి గొడుగు నీడ నుంచి బయటికి తెచ్చి చూడాలట. గొడుగు రంగు రాయి మీద పడితే మోసపోతారట. ఎర్రగా ఉన్నదల్లా కెంపు కాదు. స్పినెల్ అనే రాయి పక్కనే పడి ఉంటుంది, అచ్చం దాని అక్కలా. ఇంగ్లండు రాజకిరీటంలో ఎదురుగా మెరిసే 'బ్లాక్ ప్రిన్స్ కెంపు' నిజానికి స్పినెల్ అని పరీక్షలో తేలింది. (ఈ మోగోక్ మట్టిలోనే 1950 ప్రాంతాల పేన్ అనే ఇంగ్లీషువాడు ఎర్రగోధుమ రంగు స్ఫటికాన్ని కనిపెట్టాడు. దానికి పేనైట్ అని పేరు పెట్టారు. చాలాకాలం లోకం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. 2000 తర్వాత గాని మరికొన్ని దొరకలేదు.)

సందు చూసి నేను ఉంగరం తీశాను. గూర్ఖా చుట్టూ చూసి, తనకు తెలిసిన ఒక పెద్దామె ముందు కూర్చోబెట్టాడు. అరవై ఏళ్ళుంటాయి. ఆమె ఉంగరాన్ని మొదట ఎండలో పెట్టింది. రాయి భగ్గుమంది. నా గుండె పొంగింది. తరువాత ఆమె భూతద్దం కంటికి ఆనించి, రాయిని అటూ ఇటూ చాలాసేపు తిప్పింది. ఏమీ అనకుండా భూతద్దం నాకు ఇచ్చి, ఎట్లా పట్టుకోవాలో చూపించింది. గూర్ఖా ఆమె మాట హిందీలో చెప్పాడు: "లోపల గీతలు చూడండి. వంపుగా ఉన్నాయా?"

ఉన్నాయి. గ్రామఫోను రికార్డు మీది గీతల్లా, సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, వంపు తిరిగి ఉన్నాయి. భూమిలో పెరిగిన కెంపులో గీతలు తిన్నగా, మూలలు తిరిగి ఉంటాయి. పట్టుదారం వంటి సన్నని సూదులు కూడా కనిపిస్తాయి. వంపు గీతలు మంటలో పెరిగిన రాయికే ఉంటాయి. మరి ఎండలో అట్లా వెలిగిందేం? అటువంటి రాళ్ళే ఇంకా బాగా వెలుగుతాయట, ఇనుము అసలే ఉండదు గనక.

ఆమె తన పళ్ళెంలో నుంచి ఒక మినపగింజంత రాయి తీసి నాకు చూపించింది. దానిలో తిన్నని గీతలున్నాయి, ఒక చిన్న మచ్చ కూడా ఉంది. తరువాత ఉంగరం తుడిచి, రెండు చేతులతో నాకు అందించింది. నాకు తాతయ్య గుర్తుకు వచ్చాడు. మూడు నెలల జీతం. భీమిలి ఎకరం. ఆ ఉంగరం కుట్టుకున్న రవికెతో కొండలు దాటిన మామ్మ. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక, లేచి చెరువు గట్టుకు వచ్చి కూర్చున్నాను.

గూర్ఖా నన్ను ఊరడించడానికో ఏమో, సాయంత్రం ఊరి బయట కాలువ దగ్గరకు తీసుకువెళ్ళాడు. గని వాళ్ళు కడిగి వదిలేసిన కంకర కుప్పల దగ్గర పదిమంది ఆడవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో చేటలతో జల్లిస్తున్నారు. దీన్ని 'కనసే' అంటారు. గనిలో దొరికినది యజమానిది. కడిగి పారేసినదానిలో దొరికినది ఆడవాళ్ళది. ఇది పాతకాలం నుంచి వస్తున్న కట్టుబాటు. రాజులు పోయారు, కంపెనీ పోయింది, 1962లో సైన్యం గద్దెనెక్కి గనులు జాతీయం చేసింది. కనసే మాత్రం నిలిచింది. ఒక పిల్ల దగ్గర నేను ఆవగింజంత కెంపు కొన్నాను. తెచ్చుకోవడానికి గూర్ఖా ఒక దుకాణంలో చీటీ కూడా రాయించి ఇచ్చాడు. వాళ్ళు ఆ పూటకు బియ్యం కొనుక్కునే రాళ్ళకూ, గొప్ప అంగళ్ళకు వెళ్ళే రాళ్ళకూ ఎంత దూరమో చూడండి. మరుసటి సంవత్సరం, 2015లో, 25.59 కారట్ల బర్మా కెంపు ఒకటి జెనీవా వేలంలో మూడు కోట్ల డాలర్లకు పైగా పలికింది. అయిదు గ్రాముల పైచిలుకు రాయి!

ఇప్పుడు లోకానికి కెంపులు ఎక్కువగా ఆఫ్రికాలో మొజాంబిక్ నుంచి వస్తున్నాయి. అక్కడ మాంటెప్యూజ్ దగ్గర 2009లో నిక్షేపం బయటపడింది. మోగోక్ సంగతి వేరు. 2021లో బర్మాలో సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్న తరువాత యుద్ధం ఆ కొండలు కూడా ఎక్కింది. 2024 జూలైలో తాంగ్ జాతీయ విమోచన సైన్యం ఊరిని పట్టుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు పళ్ళేల అంగడిలోని ఆ పెద్దామె కనిపించింది. పళ్ళెం నెత్తిన పెట్టుకుని ఏ కొండ దారి పట్టిందో అనిపించింది. మా మామ్మ లాగే.

తిరిగి వచ్చాక అత్తయ్యకు నిజం చెప్పాలా, వద్దా అని వారం రోజులు తటపటాయించాను. ఆమెకు అప్పుడు డెబ్బై ఏడేళ్ళు. చివరకు ఉంగరం చేతిలో పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె రాయిని కాసేపు చూసింది. కన్నీళ్ళు పెడుతుందనుకున్నాను. ఫక్కున నవ్వింది.

"ఒరేయ్, ఆనాడు నాన్న దీన్ని మద్రాసు తీసుకుపోయి ఉంటే ఏమయ్యేదిరా? ఉత్త రాయి అని అంగడివాడు మొగం మీద చెబితే అమ్మ బ్రతికేదా? పోతే పోయింది ఎకరం."

ఉంగరం తన వేలికి తొడుక్కుంది. నేను తెచ్చిన ఆవగింజ కెంపును చీటీతో సహా ఇచ్చాను. "ఇది అసలుదా?" అంటూ అరచేతిలో వేసుకుని వెతుక్కుని, చీటీ నాకు తిరిగి ఇచ్చేసి, రాయి మాత్రం పోకుండా ఉంటుందని కుంకుమభరిణెలో వేసి మూత పెట్టింది.

అది ఆ కుంకుమలోనే ఎక్కడో ఉంది. మొన్న సంక్రాంతికి పిల్లలు చూస్తామంటే కాగితం మీద భరిణె వంచి వెతికాం. దొరకలేదు.